పతకం మీద ‘బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా’ అని ఉంది. నకిలీదా?

గంటస్తంభం_కుర్రాడు (విజయనగరం)

అందరికీ నమస్కారం. పాత నాణేలు, పతకాలు సేకరించేవాళ్లు ఇక్కడ ఉన్నారని విని అడుగుతున్నాను.

మా తాతయ్య బొబ్బిలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. స్కౌట్లను కూడా ఆయనే చూసుకునేవారు. హుద్‌హుద్ తుఫానుకి ముందు ఏడాది పోయారు. మొన్న అటక దులుపుతుంటే ఆయన బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. తుఫాను రోజు అటక మీదకి నీళ్లు కారాయి, ఆ తర్వాత ఆ డబ్బా ఎవరూ తీసినట్టు లేదు. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపాల్సి వచ్చింది.

లోపల ఒక ఇత్తడి పతకం ఉంది. మధ్యలో లిల్లీ పువ్వు, అందులో అశోక చక్రం. అంచు చుట్టూ ఇంగ్లీషులో ‘బొబ్బిలి క్యాంప్, శ్రీకాకుళం డిస్ట్రిక్ట్, ఏ.పి.’ అని ఉంది. సంవత్సరం లేదు. వెనక మేకుతో గీసినట్టు ‘సిం’ అని తెలుగులో ఉంది. దాంతోపాటు టోపీకి పెట్టుకునే పాత బ్యాడ్జి ఒకటి, దాని మీద చక్రం లేదు, ఉత్త లిల్లీ పువ్వే. 23 అని నంబరు కొట్టి, పైన చిల్లు ఉన్న అల్యూమినియం బిళ్ల ఒకటి. ఇంకా, లండన్‌లో ఉండే మా బాబాయ్ తాతయ్యకి తెచ్చిచ్చిన ఏడు పలకల 50 పెన్నీల నాణెం, 2007ది.

పతకం ఒక షాపులో చూపిస్తే, “బొబ్బిలి విజయనగరం జిల్లా కదా, శ్రీకాకుళం అని ఎలా కొడతారు? ఎవరో ఈమధ్య చేయించిన నకిలీ” అన్నారు. అన్నీ కలిపి తూకానికి ఇచ్చేయమన్నారు, లండన్ నాణేనికి మాత్రం విడిగా మంచి ధర ఇస్తామన్నారు. ఇంటికొచ్చాక టోపీ బ్యాడ్జి పచ్చగా చిలుం పట్టి ఉందని చింతపండుతో తోమాను. ఇప్పుడది ఎర్రగా, అదోలా కనిపిస్తోంది. పాడు చేశానా? పతకం నిజంగా నకిలీదేనా? తాతయ్య దాచుకున్న వస్తువు కదా అని మనసంతా అటే ఉంది.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

బాబూ, ముందు ఆ చింతపండు పక్కన పెట్టేయండి. మిగతా మూడింటినీ ముట్టుకోకండి.

నేను ముప్పై ఏళ్లుగా స్కౌటు నాణేలు, పతకాలు, బ్యాడ్జిలు పోగు చేస్తున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి మీ పతకం నకిలీ అనడానికి ఆ షాపువారు చూపించిన కారణం తప్పు. ఆ జిల్లా పేరే దాని వయసు చెబుతోంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం మా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. మీ విజయనగరం ఊరేమో విశాఖ జిల్లాలో ఉండేది. ఈమధ్య చేయించేవాడెవడైనా మీ షాపువారిలాగే ఆలోచించి ‘విజయనగరం జిల్లా’ అని కొట్టించేవాడు.

ఇక ‘ఏ.పి.’ అన్న రెండు అక్షరాలు చూడండి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న. అంతకుముందు మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రం, దానికి ముందు మద్రాసు. అంటే మీ పతకం 1956కి, 1979కి మధ్యలోది. కొత్త జిల్లా వచ్చాక పాత డైతోనే, అంటే పతకం కొట్టే అచ్చుతోనే, ఒకటి రెండేళ్లు కొట్టించి ఉండొచ్చు, ఆ మేరకు అటూ ఇటూ అనుకోండి. సంవత్సరం లేని పతకానికి ఇంత దగ్గరగా కాలం తేలడం అరుదు. చక్రం కూడా దీనికి సరిపోతుంది. మన దేశంలో విడివిడిగా ఉన్న స్కౌటు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది 1950 నవంబర్ 7న, గైడ్స్, అంటే ఆడపిల్లల విభాగం, మరుసటి ఏడాది చేరారు. లిల్లీ పువ్వు, గైడ్స్ మూడు రేకుల ఆకు, అశోక చక్రం మూడూ కలిసిన గుర్తు ఆ కలయిక తర్వాతే.

మీరు తోమిన బ్యాడ్జి మీద చక్రం లేదన్నారు. అది చాలావరకు స్వాతంత్ర్యానికి ముందుదే. అందుకే చింతపండు మాట చదవగానే ప్రాణం ఉసూరుమంది. పువ్వు కింద రిబ్బన్ లాంటి పట్టీ ఉందేమో చూడండి. దాని కొసలు రెండూ పైకి లేచి ఉంటాయి, నవ్వుతున్న నోరులా. స్కౌటు కష్టంలోనూ నవ్వుతూ ఉండాలని దాని అర్థం. పట్టీ కింద చిన్న ముడి వేలాడుతుంటుంది. రోజుకొక మంచిపని చెయ్యాలని గుర్తు చేసే ముడి అది. పట్టీ మీద ‘బీ ప్రిపేర్డ్’ (సిద్ధంగా ఉండు) అన్న స్కౌట్ల నినాదం ఉంటుంది, ఆ అక్షరాల్లో అరిగిపోయినవెన్నో భూతద్దంతో చూసి చెప్పండి.

లండన్ నాణెం గురించి. స్కౌటు ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టి నూరేళ్లయిన సందర్భంగా వేసినది అది. భూగోళం మీద లిల్లీ పువ్వు, చక్కటి బొమ్మ. కానీ చలామణీ కోసం 77 లక్షలకు పైగా వేశారు. అరుదైనదేమీ కాదు. షాపువారు దానికి ధర కట్టి పతకాన్ని తూకానికి అడిగారంటే, నా దృష్టిలో లెక్క పూర్తిగా తిరగబడింది. ఆ పతకం లాంటిది నా దగ్గర ఒక్కటీ లేదు.

నాణేల్లో నకిలీ పట్టుకోవడానికి తూకం, కొలత ఉండనే ఉన్నాయి. అమెరికావారు 2010లో వాళ్ల స్కౌట్స్ శతాబ్దికి వెండి డాలర్ వేశారు. ముగ్గురు సెల్యూట్ చేస్తున్న బొమ్మ. నేను కొన్నరోజే తెలిసిన కంసాలి దగ్గరకి తీసుకెళ్లి తూయించాను. 26.73 గ్రాములు రావాలి, వచ్చింది. అడ్డకొలత 38.1 మిల్లీమీటర్లు, అదీ సరిపోయింది. కానీ బొబ్బిలి క్యాంపు పతకానికి ఏ కేటలాగులోనూ తూకం రాసి ఉండదు. దానికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది. తాతయ్యగారితో కలిసి పనిచేసినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు? ఈ వారంలోనే కూర్చుని అడగండి. అడిగింది అడిగినట్టు కాగితం మీద రాయండి. ఒక మాస్టారిని అడగాలి అడగాలి అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఆయన ఇచ్చిన రెండు పతకాలు ఇప్పటికీ ఏ క్యాంపువో తెలియకుండానే నా దగ్గర ఉన్నాయి.

కంచు_గంట (బూడితి)

మాది బూడితి, ఇత్తడి పని చేసే కుటుంబం. చింతపండు గురించి నేను చెబుతాను.

ఇత్తడి అంటే రాగి, జింకు. పులుపులో ఎక్కువసేపు ఉంచితే పైపొరలో జింకు ముందు పోతుంది, రాగి మిగులుతుంది. ఆ ఎరుపు అదే. బిందెకైతే మళ్లీ మెరుగు పెడతాం, బ్యాడ్జికి పెట్టకూడదు. అక్షరాలు అరిగిపోతాయి. ఇటుక పొడి, బూడిద అసలే వద్దు. ఇప్పుడు మంచినీళ్లలో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, పులుపంతా పోయేదాకా రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. మెత్తటి నూలు గుడ్డతో రుద్దకుండా అద్దండి. నీడలో బాగా ఆరనివ్వండి. కొన్నేళ్లకు దానంతటదే రంగు తేరుకుంటుంది.

పతకం నకిలీయో కాదో చూడ్డానికి మరో పద్ధతి. అసలుది డైతో కొట్టినదైతే అక్షరాల అంచులు పదునుగా, మధ్య ఖాళీ చదునుగా ఉంటుంది. ఎవరైనా అసలు పతకాన్ని ఇసుకలో అద్ది అచ్చు తీసి పోస్తే అక్షరాలు మెత్తబడతాయి, సూది మొనంత బొక్కలు కనిపిస్తాయి. పైగా లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి పోత పతకం అసలు దానికన్నా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి.

పాతబిళ్లలు_కొంటాం

పతకం, బ్యాడ్జి రెండూ కలిపి విదేశానికి పంపితే మంచి ధర ఇప్పిస్తాను. ఇన్‌బాక్స్‌కి రండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ తెలియాలని ఇక్కడే చెబుతున్నాను. నూరేళ్లు నిండిన నాణేలు, పతకాల లాంటివి 1972 పురావస్తువుల చట్టం కిందకి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. ఆ టోపీ బ్యాడ్జి వయసు తేలకుండా ఎవరికీ పంపకండి బాబూ.

దాచే సంగతి కూడా చెబుతాను. పాత ఆల్బమ్‌ల మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఆ పీవీసీ ప్లాస్టిక్ పాడై పచ్చటి జిగురు వదులుతుంది, నా 1937 ఢిల్లీ జాంబోరీ (స్కౌట్ల పెద్ద సమ్మేళనం) బ్యాడ్జి ఒకటి అలాగే పోయింది. బేడెన్ పవెల్ స్వయంగా వచ్చిన జాంబోరీ అది. రబ్బరు బ్యాండులు కూడా వద్దు, అందులో గంధకం వెండిని నల్లబరుస్తుంది. మన వైపు గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి వర్షాకాలంలో మార్చుతూ ఉండండి. పట్టుకున్నప్పుడు అంచులే పట్టుకోండి.

గంటస్తంభం_కుర్రాడు (విజయనగరం)

మాస్టారూ, బూడితి అన్నయ్యా, ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. పతకం వెలుగుకి పట్టి చూశాను. అక్షరాలు పదునుగానే ఉన్నాయి, బొక్కలు ఎక్కడా లేవు. బ్యాడ్జి మీద నవ్వే పట్టీ ఉంది, ముడి కూడా ఉంది. ‘ప్రిపేర్డ్’లో చివరి రెండు అక్షరాలు అరిగాయి. అరిగించింది నేనో కాలమో తెలియదు.

ఆదివారం నాయనమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడకి ఎనభై మూడు. పతకం చేతికివ్వగానే వెనక్కి తిప్పి ‘సిం’ మీద బొటనవేలు పెట్టి, “సింహం దళం” అంది. క్యాంపులో పిల్లల్ని దళాలుగా విడదీసి జంతువుల పేర్లు పెట్టేవారట. గెలిచిన దళానికి పతకాలు ఇచ్చేముందు తాతయ్య రాత్రి లాంతరు దగ్గర కూర్చుని మేకుతో గీసేవారట. ఒకటి మిగిలితే ఇంట్లో ఉండిపోయింది.

అల్యూమినియం బిళ్ల గురించి నేను అడగనే లేదు, ఆవిడే తీసుకుంది. భోజనాల దగ్గర పళ్లేనికి ఒక బిళ్ల చొప్పున ఇచ్చేవారట, తిన్నాక తిరిగి ఇవ్వాలి. ఒక క్యాంపులో 23 తగ్గింది. తాతయ్య ఎవరినీ ఏమీ అనలేదు. చాలా ఏళ్లకు ఒకతను మొదటి జీతంతో మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చి, జేబులోంచి ఈ బిళ్ల తీసి తాతయ్య చేతిలో పెట్టి ఏడ్చాడట. తాతయ్య అతనికి ఎడమ చెయ్యి కలిపారని నాయనమ్మ రెండుసార్లు చెప్పింది. స్కౌట్లు ఎడమ చేత్తోనే కలుపుతారని నాకు ఈ మధ్యే తెలిసింది.

ఇదంతా కాగితం మీద రాసి, నాయనమ్మ చేత సంతకం పెట్టించి, బిళ్లతోపాటు కవర్లో ఉంచాను. అతని పేరు ఆవిడకి గుర్తు రాలేదు. పార్వతీపురం వైపు అబ్బాయి అని మాత్రం చెప్పింది. ఆ రోజుల్లో బొబ్బిలి క్యాంపుకి వెళ్లినవాళ్లుగానీ, వాళ్ల పిల్లలుగానీ ఇది చదివితే ఇక్కడ ఒక మాట రాయండి. ఏ బడి మైదానంలో జరిగేదో చెప్పినా చాలు, కవరు మీద అది కూడా రాసుకుంటాను.