కాలింపాంగ్ కొండల్లో ఎంత వాన పడితే ఊరిని అప్రమత్తం చేయాలి?

నేను పశ్చిమ బెంగాల్‌లోని కాలింపాంగ్ దగ్గర ఒక స్కూల్లో పనిచేస్తున్నానండి. పిల్లలూ ఊరివాళ్ళూ కలిసి రోజూ ఉదయం 8:30కి వర్షమాపకం రీడింగ్ రాస్తున్నారు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం. కానీ కొండచరియలు ఎప్పుడు విరిగిపడతాయో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలదు కదా. నాలుగైదు రోజులు ముసురు పట్టి నేల నానిపోయాక మామూలు వానకే మట్టి జారిపోతుంది. మరి ముందు ఎన్ని రోజుల వానని కలిపి లెక్కించాలి?

బడి పైన వాలులో ఒక పగులుంది. అటూ ఇటూ మేకులు కొట్టి టేపుతో కొలుస్తున్నాం. ఎంత వేగంగా పెరుగుతుంటే ఇళ్ళు ఖాళీ చేయమనాలి?

అసలు టెన్షన్ రాత్రి కుంభవృష్టి గురించే. పొద్దున చూసే రీడింగ్ అప్పుడు దేనికి పనికొస్తుంది? తక్కువ ఖర్చులో గంటగంటకీ కొలిచి అలారం మోగించే పరికరం ఎవరైనా వాడారా? జియాలజీ తెలిసినవాళ్ళు కూడా కాస్త చెప్పండి.