తిరగరాసే సీడీలలో దాచిన ఫైళ్ళు తెరుచుకోవడం లేదు

ప్రశ్న:
మా దుకాణం లెక్కల ఫైళ్ళను ప్రతి శనివారం సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులోకి, మామూలు ఫోల్డరులోకి లాగి వేసినట్టే, కాపీ చేస్తున్నాను. రాసేటప్పుడు ఏ లోపమూ కనిపించదు గాని, కొన్ని వారాల తరువాత కొన్ని ఫైళ్ళు తెరుచుకోవడం లేదు. లోపం డిస్కుదా, డ్రైవుదా?

జవాబు:
ముందుగా ఆ డిస్కును వేరొక కంప్యూటరులో పెట్టి చూడండి. తిరగరాసే సీడీలు లేజరు కాంతిని 15 నుండి 25 శాతం వరకే తిప్పి పంపుతాయి కాబట్టి, మామూలు సీడీలను చక్కగా చదివే డ్రైవు కూడా లెన్సుకు దుమ్ము పట్టినప్పుడు వీటి దగ్గర తడబడుతుంది.

మరొక జవాబు:
నా అనుభవంలో అసలు చిక్కు లాగి వేసే పద్ధతిలోనే ఉంది. అందులో ఫైళ్ళ పట్టిక డిస్కు మీద పదేపదే మారుతూ ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా, రాత ముగియకముందే డిస్కును బయటికి తీసినా ఆ పట్టిక చెడిపోయి, సమాచారం ఉండి కూడా కనబడదు. దయచేసి డిస్కును త్వరిత పద్ధతిలో కాక పూర్తిగా చెరిపి, ఫైళ్ళన్నిటినీ ఒకే విడతలో, డిస్కుపై ముద్రించిన వేగానికి మించకుండా రాసి, రాసినదాన్ని అసలుతో సరిపోల్చే ఎంపికను తప్పక వాడండి. ఇలాంటి డిస్కును సుమారు 1000 సార్లు తిరగరాయవచ్చని చెబుతారు గాని, ఆ మాట గీతలు పడని డిస్కుకే వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వేరే డ్రైవులోనూ అవే ఫైళ్ళు మొరాయించాయి. పూర్తిగా చెరిపి ఒకే విడతలో రాసిన డిస్కు మాత్రం రెండు చోట్లా తెరుచుకుంది. ఏడాది లెక్కలను ఇకపై ఒక్కసారే రాసే సీడీ-ఆర్‌లో రెండు ప్రతులుగా దాస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.