గుడుగుడియ ‘సేది’: సేదా, చేదా, చేఁదా?

(బెంగళూరు తెలుగువాళ్ల ముచ్చట. పేర్లకు బదులు ఎవరి పేట వాళ్లది.)

జయనగర్: గాయకుడు రఘు దీక్షిత్ పాడిన కన్నడ పాటలో ఒక ముక్క వారం రోజులుగా నోట్లో నానుతోంది: ‘గుడుగుడియ సేది నోడో’. కన్నడ తత్వకవి శిశునాళ షరీఫ్ రాసిన తత్వం, దీక్షిత్ 2008 నాటి తొలి ఆల్బంలో ఉంది. ఇన్నాళ్లూ దీన్ని మన ‘సేద’ అనుకున్నాను, హుక్కా తాగి సేదదీరి చూడు అని. పక్కింటి కన్నడ అవ్వ కాదన్నారు. మరి ఏమిటండీ?

మల్లేశ్వరం మాస్టారు: సేద అంటే అలసట. అది తీరుతుంది గాని ‘సేది’ కాదు. ఇది సేదు, మన చేదు. రుచి కాదు, నూతిలో నీళ్లు చేదడం. మన ‘చ’ ఉన్నచోట కన్నడంలో ‘స’ ఉంటుంది: మన చుట్టు వాళ్లకు సుత్తు, చేరు సేరు, చెరగు సెరగు. మనం నీళ్లే చేదుతాం, వాళ్లు పొగ కూడా సేదుతారు.

హొసూరు రోడ్డు: అరసున్న వదిలేశారు మాస్టారూ. చేఁదు. లేకపోతే చేంతాడులో సున్న ఎక్కడిది?

మల్లేశ్వరం మాస్టారు: చేదతాడు కుదించుకుపోయినప్పుడు వచ్చి ఉంటుంది.

హొసూరు రోడ్డు: కుదించుకుపోతే చేత్తాడు కావాలి. లేని సున్న పుట్టుకు రాదు.

యలహంక: హుక్కాలో పొగ నీళ్ల గుండా వస్తుంది. షరీఫ్ ఆ మాట ఎంచుకున్నది అందుకే. మనసు అనే సంచి విప్పి, బుద్ధి అనే నిప్పు పెట్టమన్న కవి ఊరికే ఏ మాటా వేయడు.

మల్లేశ్వరం మాస్టారు: ఊహ బాగుంది. కానీ కన్నడంలో బీడీ కూడా సేదుతారే! అందులో నీళ్లేవి?

కె.ఆర్.పురం: నాకు షరీఫ్ అనగానే సిద్ధయ్య గుర్తొస్తాడు. అక్కడ గోవింద భట్టు శిష్యుడు షరీఫ్, ఇక్కడ వీరబ్రహ్మం శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. షరీఫ్ 1889లో పోయాడు. ఆ పదాలను గిటార్ మీద దేశదేశాలకు తీసుకెళ్లిన దీక్షిత్ మైసూరులో పెరిగి, సూక్ష్మజీవశాస్త్రం చదివి, భరతనాట్యం నేర్చినవాడు. లుంగీ కట్టి, కాళ్లకు గజ్జెలతో వేదిక ఎక్కుతాడు. సిద్ధయ్య తత్వాలకు అలాంటి గొంతు ఎందుకు దొరకలేదని నాకు నిజంగా బాధ.

యలహంక: మన తత్వాలకు తంబురా, చిడతలే అందం. గిటార్ వస్తే మాట మునిగిపోతుంది.

కె.ఆర్.పురం: మునిగిందా? ఆ గిటారే కదా వారం రోజులుగా ఒక్క ‘సే’ మీద మనల్ని కూర్చోబెట్టింది!

జయనగర్: అవ్వను మళ్లీ అడిగాను. మాటల్లో చెప్పలేదు. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి వేసి గాలిలో తాడు లాగారు, అదే పిడికిలిని పెదవుల దగ్గరికి తెచ్చి బుగ్గలు లోపలికి పీల్చారు.

మల్లేశ్వరం మాస్టారు: అవ్వగారికి నా నమస్కారం. చేదడమే.

హొసూరు రోడ్డు: అర్థం మీద నాకు పేచీ లేదు మాస్టారూ. ఆ తాడులోని సున్న సంగతి చెప్పండి.