పూల ఫొటోల క్రాపింగ్: ఎంతవరకు కోయొచ్చు?

చెరువుగట్టు
అందరికీ నమస్తే. మా అత్తగారి ఊరి చెరువులో పొద్దున్నే తీసిన తామర పువ్వు ఫొటో కింద పెట్టాను. 24 మెగాపిక్సెల్ కెమెరా, దానితో వచ్చిన లెన్సే. పువ్వు బాగానే వచ్చింది గానీ ఎడమ పక్క ప్లాస్టిక్ సీసా, పైన కరెంటు స్తంభం పడ్డాయి. ఎంతవరకు కోయొచ్చు? చదరంగా కోయాలా, ఉన్న కొలతలోనే ఉంచాలా? కింద నీటిలో నీడ సగం తెగుతోంది, ఫర్వాలేదా? హాల్లో గోడకి పెట్టేందుకు ప్రింటు తీయించాలి.

ఓరుగల్లు_క్లిక్స్
సీసా కనిపించినప్పుడు రెండడుగులు జరిగితే పోయేది కదా తమ్ముడూ. ఫిల్ము రోజుల్లో రీలుకి 36 ఫ్రేములు. ప్రతి మూలా చూసుకుని గానీ బటన్ నొక్కేవాళ్ళం కాదు. తీశాక కోయడం నేను ఒప్పుకోను. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెస్సాఁ తన ఫొటోలు కోయనిచ్చేవాడే కాదు.

గోదారి_గట్టు
అన్నా, ఆయన 1932లో పారిస్‌లో సాఁ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో ఉంది, నీటిగుంట మీంచి మనిషి దూకేది. అది కోసిందే. కంచె సందులోంచి తీస్తే ఒక పక్క చెక్క అడ్డం పడింది, దాన్ని తీసేశారు. చెరువులో రెండడుగులు జరగమంటే నడుము లోతు బురదలో దిగాలా?

ఓరుగల్లు_క్లిక్స్
ఒక్క ఫొటో చూపించి అదే పద్ధతి అనకండి. ఆయన ఎప్పుడూ చెప్పింది వేరు.

బాటనీ_మాష్టారు
అసలు అది తామర కాదు. కలువ. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ పొరపాటు చూస్తే ఊరుకోలేను. ఫొటోలో కుడి వైపు కింది మూల ఆకు చూడండి, అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంది. తామరాకుకి చీలిక ఉండదు, కాడ ఆకు నడిమధ్యన అతుక్కుంటుంది.

పెరటితోట_లక్ష్మి
క్రాపింగ్ గురించి చెప్తాను. మందారాన్ని పక్కనుంచి తీస్తే మధ్యలో కేసరాల కాడ బయటికి పొడుచుకొస్తుంది, దాని కొసన అయిదు ఎర్రటి చుక్కలుంటాయి. ఆ కొస ఎటు తిరిగి ఉందో అటు ఖాళీ వదిలి, వెనక ఎంత కోసినా బాగుంటుంది. అదే కొస ఫ్రేము అంచుకి తగిలిందా, ఫొటో ఇరుకైపోతుంది. బంతి, నందివర్ధనం లాంటివి సరిగ్గా పైనుంచి తీస్తే చదరమే అందం, పువ్వు నడిమధ్యన. ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే గీతల మీదే పువ్వు పెట్టాలని అక్కడ పట్టుబట్టక్కర్లేదు. మా ముద్దమందారం ఫొటో ఇలాగే కోసి ఫ్రేము కట్టించాను, వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు.

ఓరుగల్లు_క్లిక్స్
మాష్టారూ, పువ్వు నీళ్ళ మీదికి జానెడు లేచి ఉంది. కలువ నీళ్ళమీద తేలుతుంది. ఇది తామరే.

బాటనీ_మాష్టారు
నీళ్ళపైకి లేచి పూసే కలువలు బోలెడున్నాయి, అది గుర్తు కాదు. పువ్వు మధ్యలో చూడండి. తామరకైతే పైన బల్లపరుపుగా, చిల్లులు చిల్లులుగా పసుపుపచ్చని దుద్దు ఉండాలి, గింజలు అందులోనే తయారవుతాయి. ఇక్కడ ఉందా?

ఓరుగల్లు_క్లిక్స్
రేకులు అడ్డం వస్తే దుద్దు ఎలా కనపడుతుంది? ఫొటోగ్రఫీ చర్చలో పాఠాలెందుకు?

బాటనీ_మాష్టారు
పువ్వు పేరు తెలియకుండా దాని ఫొటో ఎక్కడ కోయాలో ఎలా తెలుస్తుందండీ? మీరు కోయొద్దన్నారు కాబట్టే ఆ ఆకు ఇంకా కనిపిస్తోంది. అది చూసి కూడా ఒప్పుకోకపోతే నేను చేసేదేం లేదు.

గోదారి_గట్టు
ఇద్దరూ కాస్త ఆగండి. చెరువుగట్టు గారూ, ఆ ఆకు మాత్రం కోయకండి. పువ్వు ఏదో చెప్పేది అదే, పైగా పువ్వుకి ఎదురు మూలన నిలబడి బరువు సరిచేస్తోంది. ఎడమ నుంచి సీసా దాటేదాకా, పైనుంచి స్తంభం పోయేదాకా కోయండి. నీడ పూర్తిగా ఉంచండి, లేదా పూర్తిగా తీసేయండి. సగం నీడ పొరపాటున మిగిలినట్టు ఉంటుంది.

సలోన్_సీతారాం
సీసాని ఏఐ రబ్బరుతో చెరిపేస్తే పోలా?

పోటీల_పంతులు
ఇంట్లో గోడకైతే ఇష్టం. ఫియాప్ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య) పోటీల్లో నేచర్ విభాగానికి పంపాలంటే మాత్రం కోయడం ఒప్పు, చెరపడం తప్పు. ఇంకో సంగతి, పెరట్లో పెంచిన మందారం, కుండీలో గులాబీ ఆ విభాగానికి పనికిరావు.

పెరటితోట_లక్ష్మి
పెంచిన మొక్క ప్రకృతి కాదా? రోజూ నీళ్ళు పోసేది మేమే!

పోటీల_పంతులు
నిబంధన అది అక్కా. ఓపెన్ విభాగానికి పంపండి, అక్కడ ఆ అడ్డు లేదు.

ప్రింట్_శీను
ప్రింటు సంగతి ఎవరూ చెప్పలేదు. 24 మెగాపిక్సెల్ అంటే 6000×4000. అటు సగం, ఇటు సగం కోస్తే 3000×2000 మిగులుతుంది, అంటే పావు వంతే. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 10 అంగుళాల వెడల్పుకి సరిపోతుంది. 12×8కి 3600×2400 ఉంచుకోండి. గోడ మీద దూరం నుంచి చూసేదైతే 200 చుక్కలున్నా ఇబ్బంది లేదు. ఎక్కువ కోసి పెద్దది చేస్తే ఫోకస్ తప్పిన రేకు కూడా పెద్దగా కనపడుతుంది, అది చూసుకోండి. అసలు ఫైలు దాచి, కాపీ మీదే కోయండి.

నీలిశంఖు
నాకు ఒక స్టూడియోలో 10×8 వేయించితే శంఖుపువ్వు కొస తెగిపోయింది. అడిగితే మెషిన్ అలాగే కోస్తుందన్నారు. నా డబ్బులు పోయాయి, ఇంకా కడుపు మండుతోంది.

ప్రింట్_శీను
ముందే చెప్పాల్సింది వాళ్ళే. కెమెరా ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 3:2, 10×8 అంటే 5:4. రెండు పక్కలా తెగక తప్పదు. 12×8, 12×18 అయితే 3:2కి అతికినట్టు సరిపోతాయి. ఫ్రేము చెక్క కూడా అంచులు కొంచెం మింగుతుంది, పువ్వు చుట్టూ ఆ మాత్రం ఖాళీ వదలండి.

చెరువుగట్టు
అందరికీ థాంక్స్. ఆకు ఉంచి, నీడ పూర్తిగా తీసేసి, 3:2లోనే కోశాను. 4100×2733 వచ్చింది. 12×8 ఇచ్చేస్తున్నా. మా అత్తగారిని అడిగితే ఆవిడా కలువేనన్నారు.

బాటనీ_మాష్టారు
సంతోషం. మీ చెరువులో రాత్రి పూసే తెల్ల కలువ కూడా ఉంటే తెల్లవారుతూనే వెళ్ళండి. ఎండెక్కాక ముడుచుకుపోతుంది.

సలోన్_సీతారాం
నా ఫోన్లో 50 మెగాపిక్సెల్ అని ఉంది, ఫొటో మాత్రం 12 వస్తోంది. కోయాలంటే 50 పెట్టుకోవాలా?

ప్రింట్_శీను
మంచి వెలుతురుంటే పెట్టండి. చీకట్లో వద్దు, నాలుగు పిక్సెళ్ళని ఒకటిగా కలిపే ఆ 12లోనే పువ్వు శుభ్రంగా వస్తుంది.