ఇంటి దగ్గరి ప్రైవేటు క్లినిక్‌లో ఈఎస్ఐ కార్డు పనిచేస్తుందా? అమ్మకు షుగర్ మందులు కావాలి

ప్రశ్న (మియాపూర్_కిరణ్):
జీడిమెట్లలో ఉద్యోగం, ఇల్లు మియాపూర్. జీతం 18,500, నెలకు 139 రూపాయలు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చందా కట్ అవుతోంది. చేరి రెండు నెలలే అయింది. అమ్మకు షుగర్, బీపీ. మా వీధిలోని క్లినిక్‌లో ఈ కార్డు చూపిస్తే చూస్తారా? లేకపోతే ఎక్కడికి వెళ్లాలి, ఏమేం పట్టుకెళ్లాలి?

జవాబు (పేరోల్_పద్మ):
మామూలు ప్రైవేటు క్లినిక్‌లో చెల్లదండీ. మీ పేరు మీద ఒక ఈఎస్ఐ డిస్పెన్సరీ కేటాయించి ఉంటుంది, మొదట అక్కడికే వెళ్లాలి. ఏ డిస్పెన్సరీయో మీ ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) మీదే ఉంటుంది. చాలా కంపెనీలు అందరికీ ఫ్యాక్టరీ దగ్గరిదే పెట్టేస్తాయి, దాంతో ఇంట్లోవాళ్లు అంత దూరం తిరగాల్సి వస్తుంది. ఇంటికి దగ్గరిది కావాలని హెచ్ఆర్‌కి రాసివ్వండి, ఈఎస్ఐ పోర్టల్‌లో మారుస్తారు. కుటుంబం ఊళ్లో ఉంటే వాళ్లకు అక్కడి డిస్పెన్సరీ విడిగా పెట్టించుకోవచ్చు.

రెండు నెలలే అయిందని ఆగక్కర్లేదు. డిస్పెన్సరీ వైద్యం ఉద్యోగంలో చేరిన రోజు నుంచే వర్తిస్తుంది. పెద్ద ఆపరేషన్లకు, సూపర్ స్పెషాలిటీకి మాత్రం వేరే షరతులున్నాయి.

అమ్మగారి విషయంలో అసలు చూడాల్సింది ఇది: ఆవిడ పేరు మీ కుటుంబ వివరాల్లో ఎక్కిందా? తల్లిదండ్రులు మీ మీద ఆధారపడినవాళ్లయి ఉండాలి, వాళ్ల ఆదాయం అన్నీ కలిపి నెలకు 9,000 దాటకూడదు. చేరేటప్పుడు హడావిడిలో భార్యాపిల్లల పేర్లు మాత్రమే రాసి వదిలేస్తారు, తీరా డిస్పెన్సరీలో అమ్మ పేరు కనపడదు. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే ఎక్కించమనండి.

జవాబు (ఫార్మసీ_రమేష్):
వెళ్లేటప్పుడు కుటుంబ ఫోటో అంటించి కంపెనీ ముద్ర వేయించిన ఈ-పెహచాన్ ప్రింటు, అమ్మగారి ఆధార్, పాత చీటీలు, షుగర్ రిపోర్టులు తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్లడం మేలు.

షుగర్, బీపీ మందుల్లో ఇబ్బంది స్టాక్ దగ్గరే. బయటి డాక్టరు రాసిన బ్రాండే ఇస్తారని అనుకోవద్దు, అదే మందు వేరే కంపెనీది ఇస్తారు. అందుకే మందు పేరు, ఎంత మిల్లీగ్రాములో చూసుకోండి. మందు లేదంటే ఊరికే బయట కొనేయకండి. స్టాక్ లేదని డాక్టరు చేత చీటీ మీదే రాయించుకోండి. ఆ రాత, ఒరిజినల్ బిల్లు రెండూ లేకుండా రీయింబర్స్‌మెంట్‌కు వెళ్లినా ఫలితం ఉండదు. మాత్రలు అయిపోవడానికి వారం ముందే వెళ్లడం ఇంకా మంచిది.

జవాబు (పేరోల్_పద్మ):
ఇంకోటి. కౌంటర్లో "అర్హత లేదు" అని వస్తే సాధారణంగా తప్పు మీది కాదు, కంపెనీ చందా కట్టకపోవడమే కారణం. ప్రతి నెల చందా వచ్చే నెల 15 లోపు కట్టాలి. మీ జీతంలో 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. స్లిప్‌లో కట్ అయినంత మాత్రాన కట్టినట్టు కాదు, మీ ఐపీ నంబరుతో (కార్డు మీద ఉండే ఈఎస్ఐ బీమా నంబరు) పోర్టల్‌లో చూసుకోండి.

జీతం ఈఎస్ఐ పరిమితి అయిన 21,000 దాటినా వెంటనే ఆగిపోదు. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని చందా కాలాలు రెండు. మధ్యలో పెరిగితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాల్సిందే. చందా ఆగాక కూడా, ఏప్రిల్–సెప్టెంబరు చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు–మార్చి చందాకు జూలై నుంచి డిసెంబరు వరకు ప్రయోజనాలు ఉంటాయి.

మియాపూర్_కిరణ్:
డిస్పెన్సరీలో కాకపోతే నేరుగా సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లొచ్చా అండీ?

జవాబు (ఫార్మసీ_రమేష్):
మామూలు జబ్బుకైతే డిస్పెన్సరీ నుంచి రెఫరల్ చీటీ తీసుకుని వెళ్లండి. కార్పొరేట్ ఆసుపత్రికి పంపాలన్నా ఈఎస్ఐ ఆసుపత్రే రాయాలి. గుండెనొప్పి, యాక్సిడెంట్ లాంటివైతే చీటీ కోసం ఆగొద్దు, దగ్గరున్న చోట చేర్చి ఈఎస్ఐకి వెంటనే తెలియజేయండి. తర్వాత డబ్బు అడిగినా సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల ప్రకారమే వస్తుంది, మొత్తం బిల్లు రాదు. సందేహముంటే 1800-11-2526కి చేయండి, టోల్ ఫ్రీ.