కథల పుస్తకం: అచ్చు వేయించాలా, ఈబుక్‌తో సరిపెట్టాలా?

తెనాలి మాస్టారు:
పత్రికల్లో వచ్చిన నా కథలన్నీ పుస్తకంగా తేవాలని ఉంది. డెమ్మీ సైజులో 160 పేజీలు. 500 కాపీలు వేయిస్తే కాపీకి 80 రూపాయలు పడుతుందన్నారు ప్రెస్ వాళ్లు. మా అబ్బాయేమో "కాగితం ఖర్చే ఉండదు, ఈబుక్ పెట్టెయ్ నాన్నా" అంటున్నాడు. ఏది గిట్టుబాటు?

బెజవాడ డీటీపీ:
మాస్టారూ, వెల 200 పెట్టారనుకోండి. షాపు కమిషన్ 40 శాతం అంటే 80 పోయె. ప్రెస్సుకి ఇంకో 80. మిగిలేది 40, అదీ అమ్ముడైన కాపీ మీదే. కమిషన్ పోను కాపీకి చేతికొచ్చేది 120 కాబట్టి, పెట్టిన 40,000 వెనక్కి రావాలంటే షాపుల్లో 334 కాపీలు కదలాలి. మిగతా కట్టలు మీ మంచం కిందే. అమ్మిన వాటి డబ్బులైనా అడగ్గా అడగ్గా వస్తాయి.

ఇక ఈబుక్. మీ కథలు అనూ అనే పాత డీటీపీ ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉండి ఉంటాయి. వాటిని ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. కన్వర్టర్ నిమిషంలో మార్చేస్తుంది గానీ వత్తులు పక్క అక్షరానికి పోతాయి, "స్త్రీ" లాంటివి విరిగిపోతాయి. 160 పేజీలూ మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. ఈ కూలి ఎవరూ లెక్కలో వేయరు!

గూగుల్ ప్లే బుక్స్‌లో రచయిత వాటా 70 శాతం. వెల 60 పెట్టినా, పన్ను పక్కన పెడితే, మీకు 42 వస్తుంది. అంటే 200 రూపాయల అచ్చు పుస్తకం మీద మిగిలినంత. ఇంకో తిరకాసు: అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చులో ఉన్న పుస్తకానికే ఈబుక్ అయితే 5 శాతం, అచ్చు లేకపోతే 18.

డల్లాస్ పాఠకురాలు:
ఇక్కడికి తెప్పించుకోవాలంటే పుస్తకం ధర కన్నా పోస్టేజీయే ఎక్కువ. నేనైతే ఈబుక్కే కొంటా. అమెజాన్ వాళ్ల ఈబుక్ వేదిక కిండిల్ 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చినప్పుడు తెలుగును వదిలేసింది, ఆ కడుపుమంట ఇంకా ఉంది.

బెజవాడ డీటీపీ:
అందుకే రెండూ చేయండి మాస్టారూ. ముందు ఫైలు యూనికోడ్‌లో శుభ్రం చేసుకోండి, అచ్చుకీ అదే వాడొచ్చు. డిజిటల్ ప్రింటులో వంద కాపీలు చాలు. రేటు ఎక్కువే, కట్టలు మాత్రం మిగలవు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో మన విజయవాడ పుస్తక మహోత్సవం. తెలిసినవాళ్ల స్టాల్లో మీరే కూర్చుని అమ్మితే కమిషన్ మీ జేబులోనే.

తెనాలి మాస్టారు:
ప్రూఫ్ మా ఆవిడ చూస్తానంటోంది, నాకన్నా ఆవిడ కన్నే చురుకు. కన్వర్టర్ ఏది మంచిదో చెప్పండి.