ఇంటర్ కాలేజియేట్ మీట్: ఓవరాల్ షీల్డు ఏ ఆటల్లో వస్తుంది? మీ అనుభవాలు రాయండి

పొలంగట్టు
అన్నలకు, అక్కలకు నమస్తే. ఈ ఏడు మా అగ్రి కాలేజీకి నన్ను గేమ్స్ సెక్రటరీని చేశారు. మాది చిన్న కాలేజీ, నాలుగు బ్యాచ్‌లూ నిలబెట్టినా బాపట్ల వాళ్ళ ముందు గుప్పెడు మందిమి. సంక్రాంతి సెలవులయ్యాక మీట్. హాస్టల్లో ఎవర్ని కదిపినా క్రికెట్ టీం గురించే. టీం ఎవరో తేలకముందే జెర్సీ రంగు మీద గొడవ. నాకేమో అన్ని ఆటల పాయింట్లూ కలిపి చూసే ఓవరాల్‌లో కనీసం మూడో స్థానంలో ఉండాలని ఉంది. డబ్బులూ తక్కువే, మనుషులూ తక్కువే. ఎక్కడ మొదలుపెట్టాలి? అగ్రి వాళ్ళే అక్కర్లేదు, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ మీట్లు ఆడినవాళ్ళూ చెప్పండి.

బాపట్ల పాతకాపు
తమ్ముడూ, పాయింట్ల కాగితం చేతికొచ్చేదాకా ఏ టీమూ కట్టకు. చాలా మీట్లలో ఫస్టుకి 5, సెకండుకి 3, థర్డుకి 1 ఇస్తారు. టీం గేములకీ రిలేకీ ఎక్కువ వేస్తారు. మీకు ఈసారి ఎంతో సర్క్యులర్‌లో ఉంటుంది, అది చదివాకే మిగతా మాటలు. క్రికెట్‌కి పదకొండు మంది, నెల రోజుల నెట్స్, కిట్టు ఖర్చు. ఇంతా చేసి టాస్ ఓడి, మంచు తడి ఆరని పిచ్ మీద పొద్దున్నే బ్యాటింగుకి దిగితే మధ్యాహ్నం భోజనాలకి ముందే ఖాళీ. అదే పదకొండు మంది ట్రాక్ మీద, జంప్ పిట్ దగ్గర, షాట్‌పుట్ సర్కిల్లో ఉంటే ఎన్ని చోట్ల పాయింట్లకి అవకాశం ఉందో నువ్వే లెక్కేసుకో.

మా రోజుల్లో రాష్ట్రమంతా ఒకటే వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1964లో పెట్టింది. రాజేంద్రనగర్, బాపట్ల, తిరుపతి అగ్రి కాలేజీలు, వెటర్నరీ, హోమ్ సైన్స్, అందరం ఒకే మీట్‌లో. షాట్‌పుట్‌లో వెటర్నరీ వాళ్ళని చూస్తే మాకు వణుకు. గిత్తల్ని పడదోసే చేతులు కదా మరి! 2005లో వాళ్ళకి వేరే యూనివర్సిటీ వచ్చింది, 2014లో రాజేంద్రనగర్ తెలంగాణ వైపు వెళ్ళిపోయింది. ఇప్పటి పిల్లలకి రాజేంద్రనగర్ మీద గెలిచిన రాత్రి రుచి తెలీదు, ఏం చేస్తాం.

పాలెం పోరడు
అన్నా, గట్లనకు. రాజేంద్రనగరోళ్ల మీద గెలుసుడు అంటే ఏందో మాకు బాగనే ఎరుక. జగిత్యాల, అశ్వారావుపేట, పాలెం, అందరి పట్టు ఆళ్ల మీదనే ఉంటది. ఆళ్లకు గ్రౌండ్ ఉంది, మందీ ఉన్నరు. కాకుంటే కబడ్డీల మంది లెక్క నడవదు. కోర్టుల ఉండేది ఏడుగురే.

పొలంగట్టు తమ్మీ, ఒక్కటి ముందే అడుగు: కబడ్డీ మట్టి మీదనా, మ్యాట్ మీదనా? మేం ఊర్ల మట్టిల ఆడి పోయినం, ఆడ చూస్తే మ్యాట్. మట్టి మీద చెప్పుల్లేకుంట ఆడినోనికి మ్యాట్ మీద బూట్లేసుకుంటే కాలు పడ్డకాడనే పట్టేస్తది. ఎన్కకు మర్రుదామంటే మోకాలు మర్రదు. మా మంచి రైడర్ మొదటి మ్యాచ్‌లనే మోకాలు పట్టుకొని కూసున్నడు. రబ్బర్ సోల్ బూట్లతోని రెండు వారాలన్న ఉరికిపియ్యి.

టెన్నికాయిట్ అక్క
ఇప్పటిదాకా రాసినవాళ్ళంతా మగ మహారాజులే, అమ్మాయిల పాయింట్ల ఊసే లేదు. అగ్రి కాలేజీల్లో చాలా బ్యాచ్‌ల్లో అమ్మాయిలే ఎక్కువ. అయినా ప్రాక్టీసు టైములో గ్రౌండ్ మొత్తం అబ్బాయిలదే, మాకు హాస్టల్ వెనక సిమెంటు చప్టా. ఓవరాల్‌లో అమ్మాయిల పాయింట్లు కలిపే చోట గేమ్స్ సెక్రటరీ మొదట వెళ్ళాల్సింది లేడీస్ హాస్టల్‌కి.

టెన్నికాయిట్‌నే తీసుకో. ఒక రబ్బరు రింగు, ఒక నెట్టు, ఇద్దరు మనుషులు. ఖర్చు లేదు. కానీ రెండు రోజుల్లో వచ్చే ఆట కాదు. రింగు ఒక చేత్తోనే పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే వదలాలి. గాల్లో రింగు గిలగిల కొట్టుకుంటూ వెళ్తే ఫౌలు. కొత్తవాళ్ళకి పాయింట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే, అవతలి వాళ్ళు గొప్పగా ఆడి కాదు. రింగు చదునుగా వెళ్ళాలంటే వదిలేటప్పుడు మణికట్టు బిగించి ఉంచాలి. మా సీనియర్ నాకు రోజూ సాయంత్రం గోడ మీద సున్నంతో గీత గీసి దాని మీదే వేయించేది. నెట్టు దగ్గర పడేసే చిన్న త్రో, వెనక మూలకి పొడుగు త్రో, ఈ రెండూ మార్చి మార్చి వేస్తే అవతలి అమ్మాయికి ఊపిరాడదు. సింగిల్స్, డబుల్స్ ఇద్దరితోనే లాగేయొచ్చు. త్రోబాల్ మాత్రం టీం ఆట, అరిచే కెప్టెన్ ఉండాలి.

పీడీ సారు (రిటైర్డ్)
అమ్మా, సరిగ్గా చెప్పావు. ఫిజికల్ డైరెక్టర్‌గా మీట్లు నడిపినవాడిగా ఇంకో రెండు చేరుస్తాను.

ఒకటి బాల్ బ్యాడ్మింటన్. మన కోస్తా ఊళ్ళల్లో ఒకప్పుడు ప్రతి హైస్కూల్లో ఉండేది, ఇప్పుడు ఆడేవాళ్ళు తగ్గారు కాబట్టే చిన్న కాలేజీకి అందులో దారి ఉంది. కోర్టులో ఐదుగురు, పసుపు ఊలు బంతి, బరువు 30 గ్రాములు కూడా మించదు. ఆరుబయట ఆట. జనవరి పొద్దుటి మంచులో ఊలు తడి లాగేసి బంతి బరువెక్కుతుంది, బ్యాట్ మీద నుంచి లేవదు. మధ్యాహ్నం ఎండకి అదే బంతి ఎగిరిపోతుంది, గాలి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రాక్టీసు ఒక్క సాయంత్రం పూటే పెట్టకండి. పొద్దున ఆరున్నరకి కూడా ఆడించండి. ముందు నిలబడే ఇద్దరు కోతకి, వెనక ఇద్దరు లిఫ్టుకి. మధ్యవాడు కాళ్ళున్నవాడై ఉండాలి, టీం మొత్తం వాడి మీదే ఆధారపడుతుంది.

రెండు 4×100 రిలే. నలుగురు వేగమైనవాళ్ళని ఏరి, మీట్ ముందురోజు కర్ర చేతికిస్తారు. నేను చూసిన ఓటముల్లో సగం అక్కడే. 2017 నవంబరు నుంచి బ్యాటన్ మార్చుకునే జోన్ 30 మీటర్లు. అంతకుముందు 20 మీటర్ల జోన్, దాని వెనక పరుగందుకోవడానికి ఇంకో 10. మన గ్రౌండ్లలో పాత కొలతలతోనే సున్నం గీసేవాళ్ళు ఇంకా ఉన్నారు, రేసుకి ముందే అడిగి తేల్చుకోండి. అందుకునేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. కర్ర తెచ్చేవాడు ఎక్కడికి రాగానే తాను కదలాలో ట్రాక్ మీద అడుగులు కొలిచి గుర్తు పెట్టుకోవాలి. పిల్లలు ఒక్క వారం ఇది చేస్తే చాలు, వాళ్ళకంటే వేగమైన టీమ్‌ని కూడా వెనకేస్తారు.

నైరా నుంచి
సార్ చెప్పిందంతా నిజమే గానీ ముందు మనిషి నిద్రపోవాలి కదండీ. శ్రీకాకుళంలో రైలెక్కి తిరుపతిలో దిగేసరికి ఒళ్ళు హూనం. రిజర్వేషన్ సగం మందికే దొరికింది, మిగతావాళ్ళం బెర్తుకి ఇద్దరం. దిగిన పూటే 1500 మీటర్లు. మూడో రౌండులోనే పిక్కలు పట్టేశాయి. ఆ తర్వాత ఏడాది సీనియర్లు పట్టుబట్టి ఒక రోజు ముందు బయల్దేరదీశారు, అదే మనుషులతో పతకాలొచ్చాయి. టీఏ డీఏ కాగితాలు ఇప్పుడే కదపండి, ఆఫీసులో అవి ఏ బల్ల మీద పడుకుంటాయో తెలీదు.

మార్చ్‌పాస్ట్ మామ
మార్చ్‌పాస్ట్‌కి పాయింట్లున్నాయేమో చూసుకో. ఉంటే అవి ఊరికే వచ్చే పాయింట్లు, ఎన్‌సీసీ పిల్లాడి చేతిలో పెట్టెయ్.

ఇంజనీరింగ్ ఎడమచెయ్యి
మా ఇంజనీరింగ్ వైపు లెక్క వేరు బ్రో. అనుబంధ కాలేజీలు లెక్కలేనన్ని, కాబట్టి అందరూ ఒకచోట చేరే మీట్ ఉండదు. వాలీబాల్ ఒక కాలేజీలో, చెస్ ఇంకో కాలేజీలో, అలా సీజనంతా సాగుతుంది. ఆ ఆటల దగ్గరే సెలెక్టర్లు కూర్చుని యూనివర్సిటీ టీం తీస్తారు, అక్కడ్నించి సౌత్ జోన్, ఆ పైన ఆలిండియా. అవి ఏఐయూ (దేశంలోని యూనివర్సిటీల సంఘం) చేతిలో ఉంటాయి, వయసు 25 దాటితే తీసుకోరు. దేశం మొత్తమ్మీద క్రీడల్లో ముందున్న యూనివర్సిటీకి ఇచ్చే మౌలానా ఆజాద్ ట్రోఫీ 1956-57 నుంచి ఉంది. ఇంత పెద్ద నిచ్చెన ఉన్నా మాకు మీరు చెప్పే సరదా లేదు. మ్యాచ్ ఓడిన సాయంత్రమే బస్సెక్కి ఇంటికి. పక్క కాలేజీ వాళ్ళతో ఒకే డార్మిటరీలో నాలుగు రాత్రులు పడుకుని కొట్టుకోవడం మీకే సాధ్యం.

డిప్లొమా డేస్
కొట్టుకోవడం అంటే గుర్తొచ్చింది, బయటి ఆటగాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాలిటెక్నిక్ మీట్లు మాకు ముందు రీజియన్ స్థాయిలో, తర్వాత రాష్ట్ర స్థాయిలో జరిగేవి. రీజియన్ ఫైనల్లో అవతలి కాలేజీ స్మాషర్‌కి గడ్డం, పొట్ట, చేతికి పెళ్ళి ఉంగరం! వాళ్ళ బ్యాచ్ కుర్రాణ్ణే పక్కకి పిలిచి ఈయనది ఏ బ్రాంచి అంటే బిక్కమొహం వేశాడు. కాలేజీ పేరెందుకులే ఇప్పుడు. మేం గోల చేశాం, మ్యాచ్ అయిపోయాక చేశాం, ఎవరూ పట్టించుకోలేదు.

పీడీ సారు (రిటైర్డ్)
గోల చేస్తే పట్టించుకోరు నాయనా, రాసిస్తే పట్టించుకోక తప్పదు. ఆటగాడి అర్హత మీద అనుమానం ఉంటే మ్యాచ్ మొదలయ్యే ముందే మేనేజర్ సంతకంతో కాగితం ఇవ్వాలి. ప్రొటెస్ట్ ఫీజు ఉంటే కట్టి రసీదు తీసుకోవాలి. అథ్లెటిక్స్‌లో అయితే ఫలితం ప్రకటించాక 30 నిమిషాల్లోపే. మీ వైపు నుంచి కూడా ఐడీ కార్డులు, ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన అర్హత పత్రాలు రెండేసి సెట్లు ఉంచుకో. ఒక సెట్టు ఎప్పుడూ ఎక్కడో పోతుంది.

పొలంగట్టు
అందరికీ చాలా థాంక్స్. లేడీస్ హాస్టల్ రెప్‌తో మాట్లాడాను అక్కా, టెన్నికాయిట్ ఆడేవాళ్ళు ఇద్దరు ఆల్రెడీ ఉన్నారట, మాకెవ్వరికీ తెలీదు. బాల్ బ్యాడ్మింటన్‌కి ముగ్గురు దొరికారు. అటెండెన్సే తలనొప్పి. పొద్దున ప్రాక్టికల్ ఎనిమిదికి, ఫీల్డ్‌లో పంట ప్లాట్ల పని. పొద్దుటి ప్రాక్టీసు అంటే మేడం ఒప్పుకోవట్లేదు. ఇంకోటి, ఇద్దరికి ఓవరాల్ పాయింట్లు సమానమైతే షీల్డు ఎవరికి ఇస్తారు?

టెన్నికాయిట్ అక్క
మేడంని ఒంటరిగా అడగకు. ఆడేవాళ్ళ పేర్లు, తేదీలు రాసి, పీడీ సర్ సంతకం పెట్టించి ఆ కాగితంతో వెళ్ళు. ప్లాట్ పని మీ బ్యాచ్‌లో ఆడనివాళ్ళతో మార్చుకుంటామని నువ్వే చెప్పు, ఆవిడ చెప్పేదాకా ఆగకు. కలుపు తీయడానికి మనిషి ఉన్నాడంటే చాలామంది మెత్తబడతారు.

బాపట్ల పాతకాపు
ఇంకో మాట. ఇక్కడ బాగా ఆడినవాళ్ళని అగ్రియూనిస్పోర్ట్స్‌కి తీస్తారు, దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నీ వస్తాయి. లూధియానాలోని పంజాబ్ అగ్రి యూనివర్సిటీ వాళ్ళ పక్కన ట్రాక్ మీద నిలబడితే తెలుస్తుంది మన స్థాయి. మీ టీం మొత్తం ఓడినా నీ ఒక్కడికి పిలుపు రావచ్చు. సెలెక్టర్లు చూసేది మనిషిని, స్కోరు బోర్డుని కాదు. ఓడిపోయే మ్యాచ్‌లో చేతులెత్తేసే కుర్రాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పు.

పీడీ సారు (రిటైర్డ్)
సమానమైతే ఎక్కువ చోట్ల మొదటి స్థానాలు ఎవరికి ఎక్కువో చూస్తారు, అవీ సమానమైతే రెండో స్థానాలు. కొన్నిచోట్ల ఇద్దరికీ చెరో ఆర్నెల్లు ఇస్తారు. మీ సర్క్యులర్‌లో లేకపోతే మొదటిరోజు మేనేజర్ల మీటింగులో అడిగి, మినిట్స్‌లో రాయించు. చివరి రోజు సాయంత్రం అడిగితే, మీకే లాభం కాబట్టి అడుగుతున్నారంటారు.